ఒకేలాంటి రోజులు

సూర్యకోశం అడిగిన ప్రశ్నల్లో అన్నిటికంటే చిన్నది అదే. "ఒకేలా ఉన్నవాటిని తీసివేయమంటారా?" పక్కన ఒక ఖాళీ గడి. కుసుమ ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో ఆ గడిలో టిక్కు పెట్టింది. బుద్ధున్న వాళ్ళెవరైనా పెడతారు. ఫోన్లో ఒకే ఫోటో నాలుగుసార్లు ఉంటే మూడింటిని తీసేయమా? అలాగే అనుకుంది. టీ తాగేసి, గ్లాసు కిటికీలో పెట్టి, తరవాతి ప్రశ్నలోకి వెళ్ళిపోయింది.

సూర్యకోశం లాంటి కొత్త సాఫ్ట్‌వేర్‌తో పని మొదలుపెట్టే రోజు ఎప్పుడూ అంతే. వంద ప్రశ్నలు అడుగుతుంది. వేధశాల పేరేమిటి, దూరదర్శిని ఏ రకం, సూర్యుడి బొమ్మలో తూర్పు ఏ పక్కనుంది, సమయం మన గడియారందా గ్రీనిచ్‌దా. వీటిలో ప్రాణం తీసే ప్రశ్న ఏదో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

ఎద్దులకొండ మీద, రాయచోటికి రెండు గంటల బస్సు దూరంలో ఉన్న సూర్యవేధశాల అది. అక్కడ రోజూ పొద్దున్నే దూరదర్శిని గుండా సూర్యుడి బింబాన్ని తెల్లకాగితం మీద పడేలా చేసి, దాని మీద కనిపించే మచ్చల్ని పెన్సిలుతో దిద్దుతారు. కెమెరాలు వచ్చాక కూడా ఆ పద్ధతి మానలేదు. కంటికీ చేతికీ ఉన్న పొందిక కెమెరాకి లేదని పాతవాళ్ళ పట్టుదల. పోయినేడాది తుఫాను వానకి రికార్డు గది కప్పు కూలింది. దశాబ్దాల బొమ్మలన్నీ రాత్రికి రాత్రి కాగితం ముద్ద అయిపోయాయి. ఏ రోజు ఎన్ని మచ్చలున్నాయో అంకెలు మాత్రం నెలనెలా పైఆఫీసుకి వెళ్ళేవి కాబట్టి అవి మిగిలాయి. మచ్చ ఎక్కడుందో, ఎలా పెరిగిందో, ఎలా చీలిందో చెప్పే బొమ్మలు పోయాయి. సూర్యుడి మీద తుఫాను లేస్తే మన కరెంటు తీగలు కాలిపోతాయి, ఊళ్ళకి ఊళ్ళు చీకటవుతాయి. దాన్ని ముందే పసిగట్టాలంటే ఆ బొమ్మలే ఆధారం.

బొమ్మలు పోయినా, గీసినాయన ఉన్నాడు. ఆయన పేరు చెన్నకేశవులు. మీసం మొలిచిన కొత్తలో ఆ కొండెక్కాడు, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. కుసుమకి తండ్రి.

మనిషి తనంతట తాను మరిచిపోయాననుకున్న బొమ్మ కూడా తలలో ఎక్కడో పదిలంగానే ఉంటుందని, దాన్ని బయటికి తీయవచ్చని కనిపెట్టి అప్పటికి నాలుగైదేళ్ళయింది. తలకి టోపీలాంటిది ఒకటి తొడుగుతారు. తేదీ చెబుతారు. ఆ రోజు చూసినదంతా, విన్నదంతా, ఒక మూటలా తలలోంచి ఊడి వస్తుంది. నకలు రాదు, అసలే వస్తుంది. గోడకి అంటించిన కాగితం ఊడదీస్తే గోడ మీద ఏం మిగులుతుంది? అందుకని సూర్యకోశం ఆ మూటలోంచి సూర్యబింబాన్ని మాత్రం కత్తిరించి దాచుకుని, మిగతా రోజునంతా మర్నాడు పొద్దున తిరిగి ఆ మనిషి తలలోనే పెట్టేస్తుంది. పోయేది ఒక్క బొమ్మే.

"బొమ్మ పోతే పోనీలే పాపా. కంప్యూటర్లో ఉంటాది గదా. నా తలకాయలో ఉంటే ఎవురికి లాబం?" అన్నాడు చెన్నకేశవులు. టోపీ కోసం గుండు గీయించుకున్నాడు. అద్దంలో చూసుకుని, "తిరపతికి పోకుండానే మొక్కు తీరిపాయ," అని నవ్వాడు.

కుసుమ భర్త, ఉద్యోగం అన్నీ హైదరాబాదులోనే. ఈ పనికి మనిషి కావాలన్నప్పుడు అడిగి మరీ వచ్చింది. నాయన తలలోంచి తీసే పని ఎవరో పరాయివాళ్ళ చేతిలో పెట్టడం ఇష్టం లేకపోయింది. పరాయివాళ్ళే నయమయ్యేవాళ్ళు, కానీ అది అప్పుడెవరికి తెలుసు?

"మచ్చల్లేని దినాలు గూడా తీయల్లా నాయనా?" అని అడిగింది మొదటిరోజే. "అంకెల్లో సున్న అని ఉండనే ఉంది. నిన్ను ఊరికే కుర్చీలో కూసోబెట్టడం యాల?"

చెన్నకేశవులుకి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం అరుదు. "అదేం మాట పాపా? సూడకపోవడం వేరు, సూసి ఏమీ లేదనడం వేరు. ఉత్త గుండ్రం గీసినా కింద సంతకం పెట్టినా నేను. మబ్బు పట్టిన దినం తప్ప ఒగ దినం వదల్లే. మీరు వదిలేస్తే ఎట్ల?"

అది ఆ కొండ మీది ఆచారం. మచ్చ ఒక్కటీ లేని రోజున కూడా ఖాళీ గుండ్రాన్ని పూజలా గీసి, తేదీ వేసి, సంతకం చేస్తారు. నాయన మాట కాదనలేక "అన్ని తేదీలూ" అన్నచోట టిక్కు పెట్టింది కుసుమ. ఆ కిందే, ఒకేలా ఉన్నవాటి గడిలో రెండో టిక్కు పెట్టింది. మొదటిది ఆయన పంతం, రెండోది ఈమె తెలివి. రెండూ కలిసి కొంప ముంచాయి.

* * *

మచ్చల్లేని రోజులంటే కుసుమకి చిన్నప్పుడు పండగే.

మచ్చలున్న రోజుల్లో చెన్నకేశవులు కొండ దిగేవాడు కాదు. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి గీయాలి, మార్పులు గమనించాలి, అక్కడే వండుకుని అక్కడే పడుకోవాలి. వారాలకి వారాలు. సూర్యుడి ముఖం శుభ్రంగా ఉన్ననాడు మాత్రం పని పొద్దున్నే అయిపోయేది. మధ్యాహ్నం బస్సెక్కి రాయచోటి వచ్చేవాడు. బస్టాండులో టీ బంకు పక్కన సిమెంటు బెంచీ మీద, చేతిలో ఉడకబెట్టిన చెనక్కాయల పొట్లంతో కూర్చుని, బడి వదిలేదాకా ఎదురుచూసేవాడు.

కుసుమ దగ్గర అవ్వ ఛాతీకి తీసిన పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఉండేది. ఇంటర్వెల్‌లో దాన్ని కళ్ళకి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసేది. "సామీ, ఈ పొద్దు నీ మొగాన మొటిమలు రాకూడదు," అని మొక్కుకునేది. చిన్న మచ్చలు అలా చూస్తే కనబడవు, అయినా శుభ్రంగా కనిపిస్తే చాలు, సాయంత్రం బస్టాండుకి పరుగో పరుగు. చాలాసార్లు నాయన ఉండేవాడు కాదు. ఉన్ననాడు మాత్రం భుజం మీదికి ఎక్కించుకునేవాడు.

పదకొండేళ్ళకో, అటూ ఇటూగానో, సూర్యుడికి బద్ధకం వస్తుంది. మచ్చలు పుట్టడం దాదాపు మానేస్తాయి. ఆ ఒకటి రెండేళ్ళు చెన్నకేశవులు అందరు తండ్రుల్లాగే ఉండేవాడు. సైకిల్ నేర్పింది అప్పుడే. ఎక్కాలు చెప్పిందీ, జ్వరమొస్తే గంజి తాగించిందీ, ఇంటర్ ఫెయిలైనప్పుడు ఏమీ అనకుండా సినిమాకి తీసుకెళ్ళిందీ అన్నీ ఖాళీ సూర్యుడి కిందే. ఆయన సెలవు పెట్టిన సందర్భాలు మూడే ఉన్నాయి. కూతురు పుట్టినప్పుడు, భార్య పోయినప్పుడు, కూతురి పెళ్ళికి.

* * *

మచ్చలున్న రోజుల పని నెలల తరబడి సజావుగా సాగింది. పొద్దున కుర్చీలో కూర్చునేవాడు, మర్నాటికి ఆ రోజులు తిరిగి తలలోకి వచ్చేసేవి. "ఆ పొద్దు వంట వంతు సుబ్బరాయుడిది, సాంబారు మాడబెట్టినాడు, బొమ్మ ఒగటే గుర్తు రాలే," అని నవ్వేవాడు. ఒకేలా ఉండే మచ్చల్లేని రోజుల్ని సూర్యకోశం చివరికి అట్టేపెట్టింది. ఆఖరి వారంలో అన్నిటినీ ఒక్క గుంపుగా తీసుకుంది. చకచకా అయిపోతున్నాయని కుసుమ సంతోషించింది కూడా.

ఆ వారంలోనే ఒకనాడు క్యాంటీన్ నుంచి చెనక్కాయలు తెచ్చుకుని, ఆమె ఎదురుగా కూర్చుని, మొత్తం ఆయనొక్కడే తినేశాడు. కుసుమ నవ్వుకుంది, వయసు మీద పడుతోందనుకుంది. ఇంకోనాడు "పాపా" అనలేదు. రోజంతా ఒక్కసారి కూడా అనలేదు. అలసిపోయాడనుకుంది.

వారం ముగిసిన మర్నాడు టోపీ తీస్తుంటే ఆయన తల వంచి, "మీకు శ్రమ ఇస్తాండానమ్మా," అన్నాడు.

కుసుమ చేతులు ఆగిపోయాయి. "ఏంది నాయనా, మీకు అంటాండావు?"

ఆయన మొహమాటపడ్డాడు. పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డ గుమస్తాలా సర్దుకున్నాడు. "తెలుసమ్మా, మీరు మా అమ్మాయే. కుసుమ గారు. పెండ్లి జేసినా గదా, బాగా గుర్తుండాది. పుట్టినప్పుడు ఆస్పత్రిలో ఎత్తుకున్నా, అది గూడా గుర్తుండాది." ఇంకేదో ఉండాలని ఆయనకీ తెలుస్తోంది. తడుముకుని, దొరక్క ఆగిపోయాడు. "మీరు నాయనా అని పిలుస్తాంటే బాగుంటాది. యాలనో మరి, నాకు ఆ పిలుపు అలవాటు లేనట్టుండాది."

కుసుమకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పరుగున కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. సూర్యకోశం తెర తీసి చూసింది. మచ్చల్లేని రోజుల తేదీలన్నీ భద్రంగా ఉన్నాయి. ప్రతి తేదీ ఎదురుగా అదే ఖాళీ గుండ్రం. అన్నిటికీ కలిపి ఒక్కటే బొమ్మ. మిగిలినవాటిని ఒకేలా ఉన్నాయని తీసేసింది. తీసేసినవాటిలో తిరిగి ఇవ్వడానికి ఏముంటుంది? మూటల్ని మూటల్లాగే పారేసింది. కూతురితో గడిపినవాటిలో, బొమ్మ గీయని సెలవు రోజులే ఆయనకి మిగిలాయి.

సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఎవరో కుర్రవాడు, మర్యాదస్తుడు. "తీసేసినవి మళ్ళీ రావు మేడమ్. ఆ చోటులో వేరేవి రాసేశాం."

"నేను టిక్కు పెట్టినా గదా, నేనే తీసేస్తా ఆ టిక్కు. చెప్పండి ఎట్ల తీయల్లో. డబ్బు గావల్లంటే చెప్పండి, ఉద్యోగం మానేసి మీ ఆఫీసుకొచ్చి కూసుంటా, ఏదో ఒకటి చెప్పండయ్యా." తనేం మాట్లాడుతోందో తనకే తెలియలేదు.

"మేడమ్, ఒక్కటి మాత్రం ఉంటుంది," అన్నాడు అతను. "ఒకేలా ఉన్నవాటిలో అన్నిటికంటే స్పష్టంగా ఉన్న ఒక్కదాన్ని ఉంచుతుంది. ఆ రోజు మీ నాన్నగారికి తిరిగి వెళ్ళే ఉంటుంది."

"ఏ దినం అది?"

"తేదీ చూపించదు మేడమ్. అన్నీ ఒకటే కదా."

ఆ ఒక్క రోజునే పట్టుకుని వేలాడింది కుసుమ. సైకిల్ నేర్పిన రోజై ఉండాలని దేవుణ్ణి వేడుకుంది. పోనీ భుజం మీద ఎక్కించుకున్న ఏదో ఒక రోజైనా చాలనుకుంది. సముద్రమంత పోగొట్టుకుని చెంబెడు నీళ్ళ కోసం మొక్కుకోవడమంటే ఏమిటో ఆమెకి తెలిసొచ్చింది.

డైరెక్టర్ ఫణిభూషణ్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. సూర్యకోశం చెప్పిన మొదటి సౌర తుఫాను చెప్పినట్టే వచ్చింది, కరెంటు వాళ్ళు ముందే జాగ్రత్తపడ్డారు, ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలలేదు. "అంతా మీ నాన్నగారి చలవే కుసుమగారూ. ఎన్ని ఆస్పత్రుల్లో దీపాలు వెలుగుతున్నాయో ఇవాళ!"

ఆ మాట అబద్ధం కాదు. అందుకే కుసుమకి ఎవరి మీద అరవాలో తెలియలేదు. జరిగింది చెప్పింది. ఆయన మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టేసి, చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. చెడ్డవాడు కాదు.

"అయ్యో... ఖాళీ రోజులకి బొమ్మే అక్కర్లేదు కదమ్మా. సున్నా అని అంకె కొడితే సరిపోయేది కదా."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే అదే. కుసుమకి ఏడుపు రాలేదు. బయటికి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడింది. మీద సూర్యుడు కంటికి ఏ మచ్చా కనబడకుండా మెరుస్తున్నాడు. ఆ ముఖం చూస్తే ఒళ్ళు మండిపోయింది.

* * *

యంత్రం చేయలేనిది నోటితో చేద్దామనుకుంది. రోజూ మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. సైకిల్ సంగతి చెప్పింది. గంగమ్మ గుడి దగ్గర పల్లంలో పడి మోకాలు చీరుకుపోతే చొక్కా చింపి కట్టు కట్టిన సంగతి, ఆ మచ్చ కూడా చీర కొంచెం ఎత్తి చూపించింది. ఏడో ఎక్కం రాక ఏడిస్తే చెనక్కాయలు పేర్చి నేర్పిన సంగతి. సినిమాలో ఇద్దరూ నిద్రపోయిన సంగతి. చెప్పి చెప్పి గొంతు పోయేది. ఆయన శ్రద్ధగా వినేవాడు, నవ్వాల్సిన చోట నవ్వేవాడు. మోకాలి మీది మచ్చని వంగి చూసి, అయ్యో అని నొచ్చుకున్నాడు.

అంతా విని ఒకనాడు అన్నాడు, "మీ నాయన మంచోడమ్మా."

కుసుమ లేచి లోపలికి వెళ్ళి, టోపీ తగిలించిన కుర్చీని కాలితో తన్నింది. కాలికే దెబ్బ తగిలింది. "నువ్వేరా ఆ నాయనవి!" అని అరిచింది, ఎవరూ లేని గదిలో. కన్నతండ్రిని రా అన్నందుకు మళ్ళీ తనే చెంపలు వేసుకుంది.

ఆ తరవాతే గమనించింది. సూర్యుడు శుభ్రంగా ఉన్న రోజుల్లో ఆయన మధ్యాహ్నం బస్సెక్కి ఎక్కడికో వెళ్ళి, పొద్దు వాలాక ఆఖరి బస్సుకి తిరిగి వస్తున్నాడు. ఎక్కడికని అడిగితే, "ఊరికే అమ్మా, అలవాటు," అన్నాడు. కుసుమ ఆ మాట పట్టుకుంది. ఏ అలవాటు? ఆ ఒక్క రోజు ఆయన లోపల ఎక్కడో కదులుతోంది. మర్నాడు ఆయన వెళ్ళాక, ఆఫీసు జీపులో తనూ వెనకే వెళ్ళింది.

రాయచోటి బస్టాండు ఇప్పుడు చాలా మారింది. టీ బంకు పోయి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. సిమెంటు బెంచీ మాత్రం అలాగే ఉంది, మూల విరిగి. దాని మీద చెన్నకేశవులు కూర్చున్నాడు. చేతిలో పొట్లం. కళ్ళు బడి వచ్చే దారి మీదే ఉన్నాయి.

కుసుమ కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. ఎన్నేళ్ళ తరవాతో ఆ దారిలో పరుగెత్తి, ఆయాసపడుతూ ఆయన ముందు నిలబడింది. "వచ్చినా నాయనా!"

ఆయన ఆమెని చూశాడు, మర్యాదగా నవ్వాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు. "రండమ్మా కుసుమ గారూ, కూసోండి." మళ్ళీ ఆమెని దాటి దారి వైపు చూశాడు. పిల్లలు గుంపులు గుంపులుగా వస్తున్నారు, ఒక్కొక్కరి ముఖం మీదా ఆయన చూపు ఆగి, జారిపోతోంది.

"ఎవురి కోసం నాయనా?"

"మా పాప కోసం. బడి ఇడిచినారు, ఇంగా రాలే."

"ఆ దినం... పాప రాలేదా?"

"రాలే." గుర్తు తెచ్చుకున్నాడు. ఆ రోజు ఆయనకి నిన్నటిలా ఉంది, ఎండ, వాసన, బస్సుల మోత అన్నీ. "శానాసేపు సూసినా. బడికాడికో ఇంటికాడికో పోదామంటే, పాప ఈడికొస్తే నేనుండనే అని బయం. పొట్లం సల్లారిపాయ. ఆఖరి బస్సు కదలబోతాంటే ఎక్కేసినా."

కుసుమకి ఆ రోజేదో తెలియదు. ఏ స్నేహితురాలి ఇంటికో పోయిందేమో, పరీక్షేదైనా ఉందేమో. ఎక్స్‌రే ఫిల్మ్‌లో చూడ్డం మరిచిపోయిందేమో. ఆయన వచ్చిపోయినట్టు ఎన్నడూ చెప్పలేదు, ఒక్క మాట నిష్ఠూరంగా అనలేదు. అన్ని రోజుల్లోంచి ఆ యంత్రం ఏరి ఏరి అట్టేపెట్టిన రోజు ఇది. అన్నిటికంటే స్పష్టమైనది.

"మీ పాప ఎట్లుంటాది?" అని అడిగింది.

చెన్నకేశవులు ఆలోచించాడు. పొట్లం విప్పి, రెండు చెనక్కాయలు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వేడిగా ఉన్నాయి.

"పుట్టినప్పుడు సూసినా. పెండ్లిలో సూసినా. నడుమ ఎట్లుండేదో తెలీదమ్మా," అన్నాడు దారి మీంచి చూపు తిప్పకుండా. "వస్తాది గదా. వస్తే సూడల్ల."